చివర మడవని టేపు

మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై అయిదుకి టెస్టరమ్మ ఆ గదిలోకి అడుగు పెట్టేసరికి మేనల్లుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆస్పత్రిలో ఏ కీబోర్డూ ముట్టుకోకూడదని సూపరింటెండెంట్ ఉత్తర్వు వేసిందట. చేతులు వాటంతట అవే ఎక్కడ పోయి ముట్టుకుంటాయోనని భయపడుతున్నట్టుంది వాడి వాలకం. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇంత ఆస్పత్రి నెట్‌వర్క్‌ని ఒంటిచేత్తో నడిపేవాడు, హోంవర్కు చెయ్యని పిల్లాడిలా ముడుచుకుపోయి ఉన్నాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని పుస్తకం తీసింది.

"మొదట్నుంచీ చెప్పు. నేను అత్తనన్న సంగతి కాసేపు మర్చిపో."

ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు బాగుచేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. ఉద్యోగం మానేసినా హ్యాండ్‌బ్యాగులో టెస్టర్ స్క్రూడ్రైవరూ నల్ల టేపూ లేకుండా గుమ్మం దాటదు. ఎవరేం చెప్పినా ముందు కరెంటు ఉందో లేదో చూసుకున్నాకే నమ్ముతుందని తోటివాళ్ళు పెట్టిన పేరు టెస్టరమ్మ. అసలు పేరు ఇప్పుడు రేషన్ కార్డుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

జరిగింది చిన్న విషయం కాదు. ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఐసీయూలో రోగుల నరాల్లోకి చుక్కచుక్కగా మందు ఎక్కించే పంపులు పదకొండు పనిచేస్తుంటే, వాటిలో ఏడు ఒకేసారి బిగుసుకుపోయాయి. మళ్ళీ కదలడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఈలోగా హెడ్ సిస్టరూ మిగతా నర్సులూ మంచానికీ మంచానికీ మధ్య పరుగులు పెట్టి చేతులతో మందు ఎక్కించారు. ఆరుగురు తేరుకున్నారు. ఏడో ఆయన, రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఇంకా కళ్ళు తెరవలేదు. ఆయన తెరవకపోతే అది హత్యే అవుతుందని, మేనల్లుణ్ణి మూడున్నరకు పోలీసులకు అప్పగిస్తామని ఆస్పత్రి వాళ్ళు రాతపూర్వకంగా చెప్పేశారు.

వాడిమీద అనుమానం ఊరికే రాలేదు. ఆ ఉదయమే వాడు స్కానర్‌ని అప్‌గ్రేడ్ చేశాడు. స్కానరంటే ఎక్స్‌రే తీసేది కాదు, నెట్‌వర్క్‌లో లొసుగులు వెతికే సాఫ్ట్‌వేర్. వీధి కాపలావాడు ప్రతి ఇంటి తలుపూ తట్టి గడియ గట్టిగా ఉందో లేదో చూసినట్టు, ఆస్పత్రిలో ఉన్న ప్రతి కంప్యూటరునూ ప్రతి యంత్రాన్నీ అది తట్టి చూస్తుంది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని, లోపల ఎలా రాశారో విప్పి చూసుకోగల ఓపెన్ సోర్స్ సరుకు. మూడేళ్ళ కిందట దాన్ని తెచ్చి నిలబెట్టింది మేనల్లుడే. చిక్కల్లా ఏమిటంటే, పాతకాలం యంత్రాలు కొన్ని ఆ తట్టుడుకే తట్టుకోలేక ఆగిపోతాయి. అందుకని 'వీటి జోలికి పోవద్దు' అని ఒక జాబితా స్కానర్‌లో రాసి పెడతారు. ఐసీయూ పంపులన్నీ ఆ జాబితాలోనే ఉంటాయి.

టెస్టరమ్మ టైములు అడిగింది. వాడు గడగడా అప్పజెప్పాడు. ఎనిమిదికి మొదలుపెట్టాడు. పాత స్కానర్ ఉన్న కంప్యూటరు పెట్టెలోని డేటా అంతా కాపీ తీసుకుని, తొమ్మిదీ ఇరవైకి ఆ పెట్టె ఆపేశాడు. కొత్త పెట్టెలో ఇరవై రెండో వెర్షన్ ఎక్కించాడు. డేటాబేస్ మారింది, ఎక్కడా ఎర్ర అక్షరం పడలేదు. తొమ్మిదీ యాభై అయిదుకి ఫీడ్ దించుకోమని చెప్పాడు. ఏయే లొసుగులు ఎలా వెతకాలో చెప్పే వేలకొద్దీ పరీక్షల మూటే ఫీడ్. అది పూర్తిగా దిగాలంటే మూడు నాలుగు గంటలు పడుతుంది.

"అది దిగేదాకా?"

"స్కానర్ ఉత్త డబ్బా అత్తయ్యా. ప్రశ్నపత్రం రాని పరీక్ష హాలు లాంటిది. పదీ అయిదుకి దాన్ని అలా వదిలేసి ఓపీ బ్లాకులో ప్రింటరు బాగుచెయ్యడానికి పోయాను. పదకొండుంపావు దాకా అక్కడే ఉన్నాను. చీటీలు రాసే ముగ్గురు చూశారు."

మరి ఈ మాట ఎవరికీ చెప్పలేదా అంటే, అందరికీ చెప్పానని, ఎవరూ వినలేదని అన్నాడు. బయటినుంచి వచ్చిన సెక్యూరిటీ సలహాదారు పదకొండూ నలభైకి వచ్చి, సర్వర్ గదికి సీలు వేసి, తాళం జేబులో వేసుకుని పోయాడట. ఆ సలహాదారు ఎవరో టెస్టరమ్మకు వేరే చెప్పనక్కర్లేదు. ఎండలు మండిపోతున్నా కోటు విప్పడు కాబట్టి అందరూ అతన్ని కోటు అనే అంటారు. పోయినేడాది ఒక ఫ్యాక్టరీ కేసులో ఆమె కంటే ఒక రోజు ముందు దొంగను పట్టుకుని, ఆ సంగతి కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్న ఘనుడు.

చెప్పిందంతా బాగానే ఉంది గానీ, పాత పెట్టె దగ్గరికి వచ్చేసరికి వాడి గొంతు కొంచెం జారినట్టు ఆమె చెవికి తగిలింది. ఎన్నో ఏళ్ళు లైన్లలో గరగర వినీ వినీ పదునెక్కిన చెవి అది.

"పాత పెట్టె ఏం చేశావు?"

వాడు నేల చూశాడు. అప్‌గ్రేడ్ అయిన వెంటనే పాత పెట్టెలో అంతా చెరిపెయ్యాలని ఆస్పత్రి నియమం. వాడు చెరపలేదు. చెరిపేశానని రిజిస్టరులో మాత్రం సంతకం పెట్టాడు.

"అబద్ధం సంతకమా?" అంది టెస్టరమ్మ. ఆ మాటలో కోపం దాచుకోలేకపోయింది. "పోలీసులు మొదట పట్టుకునేది దాన్నే. ఎందుకు చేశావురా ఈ పని?"

"కొత్తది నిలదొక్కుకునేదాకా పాతదాన్ని తియ్యకూడదని నేర్పింది మీరే కదత్తయ్యా. చిన్నప్పుడు మీ వెంట స్తంభాల దగ్గరికొచ్చేవాణ్ణి. కొత్త లైను మోగేదాకా పాత లైను కొయ్యనిచ్చేవారు కాదు. కేబులు పీకి, కొసకు టేపు చుట్టి, టేపు చివర చిన్న మడత పెట్టేవారు, మళ్ళీ విప్పడానికి వీలుగా. నేనూ అలాగే చుట్టి పెట్టాను."

టెస్టరమ్మ పెన్ను ఆగిపోయింది. ఆ అలవాటు తనదే. రెండువేల లైన్లకు అలాగే చేసింది. మంచి అలవాటని గర్వంగా మేనల్లుడికి నేర్పింది, అదిప్పుడు వాడి మెడకు చుట్టుకుంది.

చివరగా జాబితాలో ఎన్ని యంత్రాలున్నాయో అడిగింది. నెల మొత్తం పదమూడే ఉండేవని, నిన్న సాయంత్రం ఆరింటికి రక్తపరీక్షల ల్యాబులో ఒక పాత మిషను చేర్చి పద్నాలుగు చేశానని చెప్పాడు. ఇవాళ పది గంటలకు కొత్త పెట్టెలో ఇంకో మూడు పంపులు చేర్చి పదిహేడు చేశాడు. ఈ మార్పులు ఎవరికీ చెప్పలేదు, సాయంత్రం ఒకేసారి రిపోర్టులో రాద్దామనుకున్నాడు. పదమూడు, పద్నాలుగు, పదిహేడు అని ఆమె ఒకదాని కింద ఒకటి రాసుకుని లేచింది.

సూపరింటెండెంట్ గదిలో కోటు అప్పటికే కాలుమీద కాలు వేసుకుని ఉన్నాడు. సూపరింటెండెంట్ యాభై దాటిన డాక్టరు, మాట మెత్తన, చేతిలో ఎప్పుడూ తాళాల గుత్తి. తెల్ల కోటు జేబులో పెన్నులూ టార్చీ కత్తెరా కిక్కిరిసి ఉన్నాయి. టెస్టరమ్మను కూర్చోమని, మంచినీళ్ళు తెప్పించి, మీ అబ్బాయి విషయంలో నాకూ బాధగానే ఉందండీ అంది. ఆ బాధ అబద్ధంలా అనిపించలేదు.

కోటుకు అలాంటి మొహమాటాలు లేవు.

"నిందితుడి మేనత్తే డిటెక్టివ్ అన్నమాట. ఇంకేం, వంట చేసినవాళ్ళే రుచి చూసి బాగుందంటారు," అన్నాడు.

"చేసినవాళ్ళకే కదా అందులో ఏం వేశారో తెలిసేది. మీరు వడ్డించండి, చూద్దాం."

అతను ఒక కాగితాల కట్ట బల్లమీద పరిచాడు. పదకొండు పదికి మొదలై, ఆస్పత్రిలో మూడువందల పైచిలుకు యంత్రాలను తట్టిన స్కాన్ రిపోర్టు అది. ఉచితంగా దొరికే సామానుతో ఆస్పత్రులు నడపడం ఎంత ప్రమాదమో మూడు నిమిషాలు ఉపన్యాసమిచ్చాడు. అతని కంపెనీ అమ్మేది కూడా ఇలాంటి స్కానరే, కాకపోతే దానికి ఏడాదికేడాది డబ్బు కట్టాలి. టెస్టరమ్మ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. మాట్లాడుతున్న మనిషిని మాట్లాడనిస్తే ఏదో ఒకటి జారవిడుస్తాడని ఆమెకు తెలుసు.

"అప్‌గ్రేడ్ చేసేటప్పుడు మినహాయింపుల జాబితాను కొత్తదానిలోకి తేలేదు మీవాడు. పద్నాలుగు యంత్రాలను గాలికొదిలేశాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

పద్నాలుగు. ఆమె పుస్తకంలో ఆ అంకె చుట్టూ నెమ్మదిగా ఒక సున్నా చుట్టింది. ఇప్పుడే అడిగితే సర్దుకుంటాడని ఊరుకుని, రిపోర్టు చేతిలోకి తీసుకుని మొదటి పేజీ వదిలేసి చివరి పేజీ తిప్పింది.

"ఈ కాగితం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

స్కాన్ అయినప్పుడల్లా, తట్టిన యంత్రాల పేర్లతో రిపోర్టు దానంతటదే తన మెయిలుకు వస్తుందని, మూడేళ్ళుగా అంతేనని, ఇవాళా అలాగే వస్తే ప్రింటు తీసి ఇచ్చానని సూపరింటెండెంట్ చెప్పింది.

"కొత్త స్కానరు ఇరవై రెండో వెర్షన్. ఈ కాగితం అడుగున సన్నక్షరాల్లో ఇరవై ఒకటి అని ఉంది," అంది టెస్టరమ్మ. "సార్ చూసే ఉంటారు."

సార్ చూడలేదు. కాగితం లాక్కుని చూశాడు, కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాడు. అప్‌గ్రేడ్ సగంలో ఆగి ఉంటుందని గొణిగాడు. అయితే సర్వర్ గది తెరిచి చూద్దామని ఆమె అంటే, పోలీసులు వచ్చేదాకా సీలు తీసే ప్రసక్తే లేదన్నాడు. ఇద్దరి మధ్యా మాట పెరిగింది. తన సీలు చట్టమన్నట్టు అతను మాట్లాడాడు. తలుపు బయట వేసిన లక్కముద్ర లోపలున్న నిజాన్ని మార్చదని ఆమె అంది. చివరికి సూపరింటెండెంటే కల్పించుకుని, తెరుద్దాం, నేనూ వస్తాను, అసలు ఆ గదికి మొత్తం కరెంటు తీయించేస్తే పీడా వదిలిపోతుంది కదా అంది. పొద్దున్నుంచీ ఆ మాటే అంటున్నారు మేడమ్ అని కోటు విసుక్కుంటూ తాళం తీశాడు.

రెండూ నలభైకి సీలు తెగింది. మేనల్లుణ్ణి గుమ్మం బయటే నిలబెట్టారు. వాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కొత్త పెట్టె ముందు కోటే కూర్చుని తెర తెరిచాడు, టెస్టరమ్మ అతని భుజం పక్కన నిలబడి ఒక్కో వరసా చదివించింది. ఫీడ్ దిగడం మొదలు తొమ్మిదీ యాభై అయిదు. ముగింపు ఒకటీ ఇరవై. పదకొండు పదికి ఈ పెట్టెలో ఉన్న పరీక్షలు సున్నా. ఇప్పటిదాకా చేసిన స్కాన్లు సున్నా. జాబితాలో యంత్రాలు పదిహేడు, ఒక్కటీ పోలేదు.

కోటు మొహం మాడిపోయింది. పనితనం తెలిసినవాడు కాబట్టి బుకాయించలేదు.

"ఇది తట్టలేదు," అన్నాడు చిన్నగా. "మరి తట్టిందెవరు?"

టెస్టరమ్మ అప్పటికే కింద అరల వైపు వంగింది. అట్టడుగున దుమ్ముపట్టిన పాత పెట్టె. దాని పక్కనే నీలం కేబులు కొసకు నల్లటేపు చుట్టి, చూడగానే పీకి పెట్టినట్టు కనపడేలా పడి ఉంది. ఆ కొసను వెలుతురులోకి పట్టుకుని చూసింది. టేపు చివర మడత లేదు. పైగా లైన్లు చూసేవాళ్ళు టేపును సాగదీసి పుటుక్కున తెంపుతారు, తెగిన అంచు పీచుపీచుగా ఉంటుంది. ఇది రూళ్ళకర్ర పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది. కత్తెర పని. మేనల్లుడు చుట్టిన టేపు ఎవరో విప్పారు, తర్వాత ఇంకో ఉత్తుత్తి కేబులుకు తమకు తెలిసినట్టు చుట్టి పెట్టారు.

పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ముందు వైపు లైటు ఉండాల్సిన చోట చిన్న నల్లటేపు ముక్క, రెండు అంచులూ తిన్నగా కోసింది. గోటితో లేపితే కింద పచ్చలైటు మిణుకుమంటోంది. పెట్టె వెనక చెయ్యి పెట్టి తడిమితే అసలు కేబులు తగిలింది.

"ఇది ఆగిలేదు," అంది. "పొద్దున మళ్ళీ వేశారు, అప్పట్నుంచీ నడుస్తూనే ఉంది."

గుమ్మం దగ్గర మేనల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పాత పెట్టెలో స్కాన్లకు వాడే వేళలు పెట్టాడు, నాలుగు గంటలకోసారి. పొద్దున ఏడూ పదికి, పదకొండూ పదికి, మళ్ళీ మూడూ పదికి. జాబితా సరిగ్గా ఉన్నన్నాళ్ళూ అది ఎవరికీ హాని చెయ్యని అలవాటు.

"అత్తయ్యా, టైమెంత?"

రెండూ యాభై ఎనిమిది.

కోటు తెరను పాత పెట్టెకు కలిపి చూశాడు. జాబితా ఖాళీ. ఉదయం పదకొండూ రెండుకి, సరిగ్గా ఈ గది నుంచే, మేనల్లుడి పేరుతోనే లోపలికి వచ్చి ఎవరో పద్నాలుగు పేర్లూ తుడిచేశారు. ఆ సమయానికి మేనల్లుడు ఓపీ బ్లాకులో ప్రింటరు కింద పడుకుని ఉన్నాడు. వాడి పాస్‌వర్డు వాడి తలలో కాక ఇంకెక్కడుందో కూడా వాడే చెప్పాడు. నియమం ప్రకారం కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, సూపరింటెండెంట్ గారి లాకరులో ఉంచారట.

"ముందు కరెంటు తీసెయ్యండి," అంటూ సూపరింటెండెంట్ గోడమీది స్విచ్చు వైపు చెయ్యి చాపింది. "రోగులు ముఖ్యం."

"కరెంటు వద్దు మేడమ్," అన్నాడు మేనల్లుడు. "తీస్తే మెమరీలో ఉన్న జాడ పోతుంది. నెట్ కేబులు ఒక్కటి పీకితే చాలు, ఇంక ఎవర్నీ తట్టలేదు."

"కుర్రాడు చెప్పింది నిజం," అన్నాడు కోటు. మేనల్లుడి మాటను అతను ఒప్పుకోవడం పొద్దున్నుంచీ అదే మొదటిసారి.

టెస్టరమ్మ నేలమీద మోకాళ్ళూని, చెయ్యి భుజం దాకా పెట్టె వెనక్కి పోనిచ్చి, కేబులు కొస దగ్గరి చిన్న నొక్కుడు బిళ్ళను వేలితో వెతికింది. రెండుసార్లు జారింది. మూడోసారి టక్కుమని ఊడి వచ్చింది. మూడూ నాలుగు. ఆ గదిలో బల్లమీది ఫోనులో ఐసీయూకి కలిపి, హెడ్ సిస్టర్ని లైన్లోనే ఉండమని టెస్టరమ్మే చెప్పింది. పంపులు ఒక్కోటి చూసి పలకమంది.

ఆ ఆరు నిమిషాలూ హెడ్ సిస్టర్ పంపుల నంబర్లు పలుకుతూనే ఉంది. మూడూ పదికి హెడ్ సిస్టర్ అన్నీ నడుస్తున్నాయంది. మూడూ పదకొండుకి మళ్ళీ అదే మాట అంది. మేనల్లుడు గుమ్మానికి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. టెస్టరమ్మకు పని ఇంకా అయిపోలేదు. ఊడదీసిన కేబులు కొసకు తన బ్యాగులోని టేపు చుట్టి, సాగదీసి తెంపి, చివర చిన్న మడత పెట్టింది. అప్పుడు కోటు వైపు తిరిగింది.

"జాబితాలో పద్నాలుగని మీకెలా తెలుసు?"

"అదేం ప్రశ్న?"

"నిన్న సాయంత్రం ఆరు దాకా అవి పదమూడు. ఇవాళ పది నుంచి కొత్త పెట్టెలో పదిహేడు. పద్నాలుగు ఉన్నది ఈ పాత పెట్టెలోనే. దీన్ని మీరు ఇప్పుడే చూశారు. మధ్యాహ్నమే ఎలా అన్నారు?"

అతను కోటు గుండీ ఒకటి విప్పాడు. అతనికి ఒక్కసారిగా ఉక్కపోసినట్టుంది. దొంగ తనే అని ఈమె అనుకుంటోందన్న సంగతి అర్థమైంది. అర్థమయ్యాక, ఆ అంకె తన చెవిన ఎవరు వేశారో కూడా గుర్తొచ్చింది. అతని చూపు టెస్టరమ్మ మీది నుంచి పక్కకు జరిగి తాళాల గుత్తి దగ్గర ఆగింది.

"నేను రాగానే మేడమే చెప్పారు," అన్నాడు.

సూపరింటెండెంట్ తడబడలేదు. ప్రతి నెలా కుర్రాడి పక్కన కూర్చుని రిపోర్టు చూసేదాన్ని, గుర్తుండి చెప్పానంది. నెల రిపోర్టులో పదమూడే ఉందని, పద్నాలుగు కనపడేది ఆ పేర్లు తుడిచినవాళ్ళకేనని టెస్టరమ్మ నెమ్మదిగా గుర్తుచేసింది. తర్వాత చెయ్యి చాపి, మీ జేబులో కత్తెర ఒకసారి ఇవ్వండమ్మా అంది. ఆవిడ ఇవ్వలేదు. చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే ఆ జేబును మూసుకుంది. ఈ గది తాళం రెండోది ఆ గుత్తిలోనే ఉంది. ఆ గుత్తి ఉన్న మనిషి రిజిస్టరులో సంతకం పెట్టనక్కర్లేదు. పొద్దున్నుంచీ కరెంటు తీయిద్దామని తొందరపడింది కూడా ఆవిడే. కోటు వేసిన సీలు అడ్డం రాకపోతే పన్నెండు లోపే వచ్చి ఈ పెట్టె ఆపేసి ఉండేది.

ఎవరన్నది తేలింది గానీ, ఎందుకన్నది టెస్టరమ్మకు ఇంకా అంతుపట్టలేదు. ఈ స్కానర్‌ను మూడేళ్ళ కిందట ఒప్పుకున్నది ఈవిడే. దాన్ని ఇవాళ ఎందుకు చంపాలి? పుస్తకంలో పదిహేడు దగ్గర వేలు ఆగింది.

"ఒరే, ఆ మూడు పంపులూ ఎప్పుడొచ్చాయి?"

"నాలుగు రోజులైంది. సరికొత్తవి."

"సరికొత్తవి తట్టుడుకు తట్టుకోవాలి కదా. వాటిని జాబితాలో ఎందుకు చేర్చావు?"

వాడు సూపరింటెండెంట్ వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. బల్లమీద పెట్టి ఒకసారి తట్టి చూస్తే మూడూ ఆగిపోయాయట. లోపలి సాఫ్ట్‌వేర్ తొమ్మిదేళ్ళ నాటిది. ఎక్కడో పారేసిన పంపులకు కొత్త డొక్కు వేసి అమ్మినట్టు అనుమానమొచ్చి మేడంకి చెబితే, ముందు అప్‌గ్రేడ్ కానివ్వు, తర్వాత పక్కాగా రిపోర్టు రాద్దువు అందట. ఆ రిపోర్టు సోమవారం పాలకమండలి ముందుకు వెళ్ళాల్సి ఉంది. పంపులు కొన్న కాగితాలమీద ఉన్నది ఆవిడ సంతకం ఒక్కటే.

"ఒక్క నిమిషం ఆగుతాయనుకున్నాను," అంది సూపరింటెండెంట్. ఎవర్ని చూసి అందో తెలియలేదు. "నెలకోసారి సిస్టర్లు బ్యాటరీ మార్చేటప్పుడు ఆగుతాయి కదా, అలాగ. స్కానరు వల్లే అని దాన్ని తీసేస్తారు, ఆ రిపోర్టూ రాదు, అంతే అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాకూడదనే..."

బల్లమీద ఫోను ఇంకా లైన్లోనే ఉంది. అందులోంచి హెడ్ సిస్టర్ గొంతు వచ్చింది. ఆవిడ అరవలేదు, అరిచే టైము లేనట్టు గబగబా చెప్పింది.

"డ్రాయింగు మాస్టారి పంపు ఆగిపోయింది. చేత్తో ఎక్కిస్తున్నాను. బీపీ పడిపోతోంది."

కేబులు టెస్టరమ్మ చేతిలోనే ఉంది. ఈ నిమిషంలో ఆ పంపును తట్టినవాళ్ళెవరూ లేరు. కోటు కూడా తెర చూసి అడ్డంగా తలూపాడు.

"సిస్టర్, అది ఏ పంపు? పొద్దున్నదేనా?"

"కాదండీ, కొత్తది. పొద్దున్నది పాడైందని పన్నెండున్నరకు మేడం మార్పించారు. కొత్తవైతే భయం లేదన్నారు."

మేడం పొద్దున తన చేత్తో చేసినదాన్ని దిద్దుకోవాలని ఆ రోగికి తన దగ్గరున్న వాటిలో మంచిదనుకున్నది పెట్టించింది. తను కొన్నవి నిజంగానే బాగుంటాయని తనకు తనే చెప్పుకుని ఉంటుంది నాలుగు రోజులుగా.

"మిగతా రెండు కొత్త పంపులూ ఎక్కడున్నాయమ్మా?" అంది టెస్టరమ్మ ఫోనులోకి.

"ఒకటి ఇక్కడే ఖాళీగా ఉంది. రెండోది ఆపరేషన్ థియేటరుకి పంపాం. లోపల ఆపరేషన్ నడుస్తోంది."

గదిలో అందరి చూపూ సూపరింటెండెంట్ మీదే. మూడున్నరకు పోలీసులు వస్తున్నారు. ఆవిడ ఏమీ చెప్పకుండా నిలబడితే, నిందలన్నీ ఇంకా మేనల్లుడి మీదే ఉన్నాయి. కాగితాలమీద చూస్తే ఆ పంపులు సరికొత్తవి, కాదనడానికి వాడి ఒక్కడి నోటిమాట తప్ప ఏమీ లేదు. టెస్టరమ్మ ఆవిణ్ణి బతిమాలలేదు, బెదిరించలేదు. ఫోను ఆవిడ చేతికి ఇచ్చింది.

ఆవిడ దాన్ని చెవిన పెట్టుకుంది. మాటలు స్పష్టంగానే వచ్చాయి.

"థియేటర్లో ఆ పంపు తీసెయ్యండి. ఇప్పుడే తియ్యండి. మాస్టారికి పాతదే పెట్టండి. అవి కొత్తవి కావు సిస్టర్, నాకు ముందే తెలుసు. నేనొస్తున్నాను."

ఫోను బల్లమీద పెట్టి, తాళాల గుత్తీ కత్తెరా దాని పక్కనే వదిలేసి, ఐసీయూ వైపు పరుగెత్తింది. ఆపబోయిన కోటును టెస్టరమ్మ చెయ్యి అడ్డుపెట్టి ఆపింది, అక్కడ డాక్టరు కావాలని చెప్పింది. తర్వాత గుమ్మం బయట ఇంకా చేతులు వెనక్కి కట్టుకునే ఉన్న మేనల్లుడితో, ఇక విప్పరా ఆ చేతులు, థియేటరుకి దగ్గరి దారి నీకే తెలుసు, పోయి ఆ పంపు తీయించు అంది. వాడు పరుగు తీశాడు.

టెస్టరమ్మ పుస్తకం తెరిచి, ఆవిడ అన్న మాటలు ఒక్క అక్షరం పోకుండా రాసుకుని, పక్కన టైము వేసింది. మూడూ పదిహేడు.